రేకు లోపలి పేరు

అయస్కాంతం అతుక్కోలేదు.

ఎడమ తలుపు కింద, ముందు చక్రానికి జానెడు వెనక పెట్టి చెయ్యి తీస్తే టప్పున నేల మీద పడింది. కాస్త పక్కకు జరిపి పెట్టాను, గట్టిగా పట్టుకుంది. మళ్ళీ మొదటి చోట పెట్టాను, మళ్ళీ పడింది. అంటే అక్కడ రంగు కింద ఉన్నది ఇనుము కాదు, మందంగా మెత్తిన పుట్టీ.

"పదకొండు అయిదు. ఎడమ పక్క, తలుపు కింది పట్టీ," అన్నాను. నా వెనక నిలబడ్డ శ్రీలత టైమూ చోటూ నోట్‌బుక్‌లో రాసుకుంది. రాస్తూ రాస్తూ బండి మీద చెయ్యి వేసి నిమిరింది. బండి కొనడానికి వచ్చామని చెప్పుకున్నాం, కొనేవాళ్ళు అట్లా నిమరరు. అందుకని ఆమెకూ బండి యజమానికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.

బండి అరవై ఆరు మోడల్ హెరాల్డ్. రెండు తలుపులు, ముక్కుతో సహా ముందుకు ఒరిగే బానెట్, వెనక్కి మడిచే కాన్వాసు టాపు. విత్తనాల వ్యాపారి ఓంప్రకాశ్ సేటు దాన్ని తన గోదాములో, సంచుల పక్కన దుప్పటి కప్పి దాచుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి హైదరాబాదు నుంచి ఒక హోటల్ ఓనరు లారీ తెస్తాడట. తెచ్చాడంటే బండి పోతుంది. అక్కడ రంగంతా గీకేసి కొత్తది వేస్తారు. ఆ తర్వాత దాని మీద ఏ గుర్తూ మిగలదు. మా చేతిలో ఉన్నది అయిదు గంటల లోపే.

నా పేరు కుమారస్వామి. ముప్పై ఏళ్ళు మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. కనపడిన ప్రతి డ్రైవర్నీ 'బ్రేకు వెయ్' అని అరిచి అరిచి బ్రేకు సారునయ్యాను. రిటైరయ్యాక పాత బండ్లు కొనేవాళ్ళ తరఫున చూసిపెడతాను, దొంగ బండ్ల ఆరా తీస్తాను. భార్య దీన్ని పనిలేని పని అంటుంది. నిజమే, కానీ ఇంట్లో కూర్చుంటే చేసిన పనులన్నీ గుర్తొస్తాయి.

శ్రీలత బండి కోసం రాలేదు, తండ్రి కోసం వచ్చింది. ఆమె తండ్రి రామలింగం నెక్కొండలో బండ్ల సొట్టలు తీసి, టాపులు కుట్టే డెంటింగ్ షెడ్డు నడిపేవాడు. ఎనిమిదేళ్ళ కింద టాపు కుట్టమని తన దగ్గరకు పంపిన హెరాల్డ్‌తో సహా మాయమైపోయాడు. ఆ బండి ఓనరు సారంగపాణి, పెద్ద బట్టల వ్యాపారి. అక్టోబరు పదమూడున బండిని షెడ్డుకు పంపాననీ, పదహారు రాత్రి రామలింగం దాన్ని ఎత్తుకుపోయాడనీ కంప్లయింటు ఇచ్చాడు. ఇన్సూరెన్సు తీసుకున్నాడు. కేసు మూసేశారు. రామలింగం ఈ రోజుకీ ఇంటికి రాలేదు. అతని భార్య యాకమ్మ మాత్రం అదే వాడలో 'దొంగోని పెండ్లాం' అనిపించుకుంటూ బతుకుతోంది. ఆ ఏటి నుంచి ఆమె బతుకమ్మ పేర్చలేదు.

"మా బాపు దొంగ గాదని మా అమ్మకు ఒక్క కాయితం జూపియ్యాలె సార్. బాపు ఉన్నడా లేడా అన్నది తర్వాత సంగతి," అంది శ్రీలత నిన్న మా ఇంటికి వచ్చి. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే పిల్ల. ఓంప్రకాశ్ సేటు అమ్మకానికి పెట్టిన ఫోటో ఫోన్లో చూసి గుర్తుపట్టింది. పత్రాల్లో నంబరు మాత్రం వేరే ఉంది.

జాకీ తెప్పించాను. రేకు టాపు లేని బండికి నడుం బలమంతా కిందే ఉంటుంది. మామూలు కారుకు పైకప్పు ఆసరా ఉంటుంది, దీనికి అదీ లేదు. కొనేవాడు రంగు చూసి మురిసిపోకుండా ముందు చూడాల్సింది ఇదే. ఎడమ పక్క మధ్యలో జాకీ పెట్టి లేపి, తలుపు తీసి మళ్ళీ వెయ్యబోయాను. పడలేదు. గొళ్ళెం దగ్గర వేలు మందం తేడా వచ్చింది.

"ఏమైంది సారూ?" అన్నాడు సేటు.

"నడుం ఇరిగింది సేటూ. లోపల ఎవరో కట్టు గట్టిండ్రు."

"పాత బండి గద. మనకు మోకాళ్ళు నొయ్యయా?"

నవ్వాను. అతను మంచివాడిలాగే ఉన్నాడు. చెడ్డ బండ్లన్నీ మంచివాళ్ళ ఇళ్ళలోనే దొరుకుతాయి నాకు.

తలుపు కింది పట్టీ లోపల బోలు. వాన నీళ్ళు కారిపోవడానికి అడుగున ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి, ఫోనుకు తగిలించుకునే సన్నటి తీగ కెమెరా లోపలికి పంపాను. తుప్పు పొరలు, బురద, ఎప్పటిదో ఎండిపోయిన సాలెగూడు. తర్వాత వరసగా రివెట్లు కనిపించాయి. వెల్డింగ్ పెడితే పాత రేకు కాలిపోతుందని పనితెలిసినవాడెవడో రివెట్లతో అతుకు వేశాడు. ఆ అతుకు రేకు లోపలి వైపు నీలం రంగు ఉంది. నీలం మీద తెల్లటి అక్షరాలు.

'లింగం డెంటిగ్.'

శ్రీలత నా భుజం పట్టుకుంది. సేటు అప్పుడే ఫోను తీసి ఎవరికో కలుపుతూ గుమ్మం వైపు వెళ్ళాడు.

"సున్న లేదు సార్," అంది మెల్లగా. "డెంటింగ్‌ల సున్న లేదు. అది మా బోర్డే."

"ఎట్ల చెప్తవ్?"

"నేను పదో తరగతిల ఉన్నప్పుడు బాపు రేకు మీద బోర్డు రాయించిండు. పెయింటరు సున్న మర్చిపోయిండు. నేను నవ్విన. ఇంటికి ఎవరొచ్చినా చెప్పి నవ్విన. బాపుకు సిగ్గయి బోర్డు పీకేసిండు. ఏం జేసిండో నేను ఎన్నడు అడగలే." ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "ఈ బండిల ఏసిండు సార్. అప్పుడు కూడా సారంగపాణి బండి మా షెడ్డుకే వస్తుండె."

ఏడవనిచ్చే టైము లేదు. ఫోటో తీశాను, పదకొండు ముప్పై రెండు అని రాయించాను. బండి సారంగపాణిదే. సందేహం లేదు. అయితే ఇందులో ఉన్నది ఇంకో నంబరు. ఆ నంబరు ఎప్పుడు పడింది? షెడ్డుకు వచ్చాక పడితే రామలింగమే కొట్టి అమ్ముకున్నాడంటారు. ఆమె తండ్రి పేరు ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది.

బానెట్ ముందుకు ఒరిగించాను. ఇంజిను వెనక గోడ మీద చాసిస్ నంబరు. గుడ్డతో తుడిచి చేత్తో తడిమితే చుట్టూ సన్నటి గట్టు తగిలింది. అసలు నంబరు ఉన్న ముక్క కోసేసి, వేరే ముక్క అతికి, దాని మీద కొత్తగా కొట్టారు. మూడో అంకె ఏడు. అది కొంచెం వంకరగా ఉంది. దాని మీదుగా ఆకురాయి జారిన గీత ఏటవాలుగా పోయింది.

జేబులోంచి పల్చటి కాగితం, పెన్సిలు తీశాను. కాగితం నంబరు మీద పెట్టి పెన్సిలు పడుకోబెట్టి రుద్దాను. అంకెలు తెల్లగా తేలాయి, గీతతో సహా.

"ఇదేంటిది సార్?"

"పెన్సిల్ ప్రింటు. బండి చేతులు మారినప్పుడల్లా ఇది ఫైల్ల ఉండాలె. ఇన్‌స్పెక్టరు బండి దగ్గరికి పోయి, వంగి, తనే తీసుకోవాలె."

"తీస్తరా?"

అబద్ధం చెప్పవచ్చు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "తియ్యరు బిడ్డా. బ్రోకరే తీసుకొస్తడు. రోజుకు నలభై ఫైళ్ళు. మేము కుర్చీల కూసొని సంతకం పెడతం. నేనూ అట్లనే పెట్టిన."

ఆమె నోట్‌బుక్ మూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు వంగానో లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలు. అందరూ అట్లాగే చేసేవాళ్ళు అనుకుంటే అప్పట్లో తేలిగ్గా ఉండేది, ఇప్పుడు ఉండటం లేదు.

సేటు తిరిగి వచ్చాడు. ముఖం కొంచెం మారింది. నేను వదల్లేదు.

"బండి ఎప్పుడు కొన్నరు సేటూ?"

"ఎనిమిదేండ్లయితాంది."

"పండుగ ముందా, ఎనుకనా?"

"ముందే. దసరాకు పూజ జేసుకున్నం గదా. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల ఆరు గంటలకు వచ్చింది. మా ఆడోళ్ళు పువ్వులు ముందటేసుకొని కూసున్నరు, అప్పుడే హారన్ కొట్టిండు."

ఆ ఏడు సద్దుల బతుకమ్మ, దసరాకు ముందు రోజు, అక్టోబరు పదిహేడు. బండి పోయిందన్నది పదహారు రాత్రి. దొంగ బండి రాత్రికి రాత్రి పూజకు తయారై వచ్చిందన్నమాట.

"ఎవరు తెచ్చిండ్రు?"

"డ్రైవరే. అన్న పంపిండు."

"ఏ అన్న?"

సేటు నాలుక కరుచుకున్నాడు. "అన్న అంటే... గా బ్రోకరు."

"బ్రోకర్ని అన్న అంటరా మీరు? పేరు చెప్పుండ్రి."

"నాకు గుర్తు లేదు సారూ. మీకు బండి గావాల్నా, ముచ్చట్లు గావాల్నా?"

"టాపు అప్పటికే కొత్తదా?"

"కొత్తదే. ఇంకా దారం కొసలు ఏలాడుతుండె," అన్నాడు. అది చెప్పినా నష్టం లేదనుకున్నాడు పాపం. శ్రీలత తల తిప్పుకుంది. రామలింగం ఆ పదహారో తారీఖు సాయంత్రం దాకా ఆ టాపు కుడుతూనే ఉన్నాడు. ఎత్తుకుపోయేవాడు పరాయి బండికి టాపు కుట్టడు.

బయట జీపు ఆగింది. పన్నెండు ఇరవై. సేటు ఫోను ఎవరికి చేశాడో అప్పుడు అర్థమయింది.

దిగినవాడు సుదర్శన్. రామలింగం కేసు మూసిన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు రిటైరై సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. అతను మూసిన కేసులు రెండు, నేను ఈ అయిదేళ్ళలో తెరిపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే అతనికి నోట్లో సున్నం పడ్డట్టు ఉంటుంది.

"ఏం బ్రేకు సారూ, బండి గొంటున్నవా? పింఛను బాగనే వస్తాందేమో."

"చూస్తున్న. నువ్వు చూడనిది ఏమన్న దొరుకుతదేమోనని."

"దొరికిందా?"

"దొరికింది. లోపల రామలింగం బోర్డు రేకున్నది. సారంగపాణి బండి ఇది. పదహారు రాత్రి దొంగతనమైన బండి పదిహేడు పొద్దున సేటు ఇంట్ల ఉన్నది. తోలింది అన్న పంపిన డ్రైవరు. నీకు ఇవన్నీ ఎనిమిదేండ్ల కిందనే దొరకాలె గద?"

సుదర్శన్ నవ్వలేదు, కోప్పడలేదు. శ్రీలత వైపు చూసి, "అమ్మా, నువ్వు జర బయట నిలబడు. పెద్దోళ్ళం మాట్లాడుకోవాలె," అన్నాడు. ఆమె నన్ను చూసింది. తల ఊపాను. బయట లారీ కాటా దగ్గరకు వెళ్ళి నిలబడింది. సేటు కూడా మెల్లగా జారుకున్నాడు.

"చేతిల ఏంది, పెన్సిల్ ప్రింటా?" అని సుదర్శన్ చొక్కా లోపలి నుంచి కవరు తీశాడు. "నువ్వు కష్టపడి గీకినవ్ గాని, గిది ఎనిమిదేండ్ల కిందనే గీకిండ్రు. కలర్ జిరాక్సు. ఉంచుకో."

మొదటి కాగితం విప్పాను. అదే నంబరు ముద్ర. వంకర ఏడు. దాని మీదుగా ఏటవాలు గీత. నా కాగితం పక్కన పెట్టి చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. అంటే ఆ ముద్ర ఈ బండి మీద నుంచే తీశారు. కింద తేదీ అక్టోబరు పది.

పదో తారీఖు నాటికి బండి ఇంకా సారంగపాణి ఇంట్లోనే ఉంది. షెడ్డుకు పంపింది పదమూడున అని అతనే రాసిచ్చాడు. నంబరు మార్చినవాడు ఓనరే, సేటు నోరు జారిన 'అన్న' అతనే. తుక్కయిన వేరొక హెరాల్డ్ కాగితాలు సంపాదించి, దాని నంబరు కొట్టించి, ఆ తర్వాతే బండిని రామలింగం షెడ్డుకు తోలించాడు, దొంగతనం ఎవరి మీద పడాలో చూసుకుని. యాకమ్మకు చూపించాల్సిన కాగితం నా చేతిలో ఉంది.

"తేదీ చూసినవా సుదర్శన్? రామలింగం దొంగ కాదు."

"తేదీ నాకు తెల్వదా? సంతకం చూడు."

చూశాను. తేదీ పక్కనే పచ్చ ఇంకు సంతకం. పొడుగాటి కొమ్ముతో మొదలై తోకతో ముగిసే సంతకం. ఈ జిల్లాలో అట్లా సంతకం చేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

గుర్తు రాలేదు. ఎంత ప్రయత్నించినా ఆ రోజు, ఆ ఫైలు గుర్తు రాలేదు. అది నలభైలో ఒకటి.

"ఎనుక ఇంకొకటున్నది. అది కూడ సదువు," అన్నాడు సుదర్శన్. గొంతులో ఎకసెక్కం లేదు. అందుకే నాకు భయం వేసింది.

రెండో కాగితం గీతల నోట్‌బుక్ నుంచి చింపిన పేజీ. చేతిరాత గుండ్రంగా, కష్టపడి రాసినట్టు ఉంది.

'గౌరవనీయులైన మోటారు ఇన్‌స్పెక్టరు గారికి నమస్కరించి వ్రాయునది. సారంగపాణి గారి బండి నా షెడ్డుకు వచ్చినది. దాని నంబరు కోసి వేరే నంబరు కొట్టినారు. నేను ఆ బండిని ఎరుగుదును, లోపల నా రేకు ఉన్నది. రేపు ఇది నా మీదికి వస్తుందని భయముగా నున్నది. తమరు ఒక్కసారి వచ్చి చూడగలరు. తమరు వచ్చువరకు బండిని ఎవరికీ ఇవ్వను. షెడ్డులోనే పండుకొని ఉంటాను. ఇట్లు, రామలింగం, నెక్కొండ.' తేదీ పదిహేను.

పక్కన ఖాళీ స్థలంలో నా పచ్చ ఇంకు. 'పండుగ తర్వాత.' కింద పొట్టి సంతకం.

ఆ మనిషి నా ఎదురుగా నిలబడి ఆ కాగితం ఇచ్చి ఉంటాడు. నల్లగా నూనె పట్టిన చేతులతో దండం పెట్టి ఉంటాడు. ఆ ముఖం నాకు గుర్తు రాలేదు. అక్టోబరులో ఆఫీసుకు వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పిన మాట అదే, పండుగ తర్వాత రమ్మని. ఆ కాగితం రెండు రోజులు నా టేబుల్ మీదే పడి ఉండి ఉంటుంది. సారంగపాణి ఫైలు తెచ్చిన బ్రోకరు ఎవడైనా, వాడు రోజూ ఆ టేబుల్ పక్కనే కూచుని ఫైళ్ళు సర్దేవాడు. వాడి కంట్లో పడకుండా ఉంటుందా? మర్నాడు, పదహారు రాత్రి, షెడ్డులో రామలింగం ఒక్కడే పడుకుని ఉన్నాడు, నేను వస్తానని.

"రామలింగం ఏడి సుదర్శన్?"

"నాకు తెల్వదు. నేను అడగలే. అడగొద్దన్నరు, ఊకున్న." మొదటిసారి అతను నా కళ్ళలోకి చూడలేదు. "కేసప్పుడు మీ ఆఫీసుల దొరికిన అసలు కాయితాలు నా బీరువల ఉన్నయ్. బయటికొస్తే నేను పోత. నువ్వూ పోతవ్. పింఛను పోతది, పేరు పోతది, జైలు గూడ చూడాల్సొస్తది. సారంగపాణి మంచోడు గాదు, వాని మనుషులు నీ ఇల్లు ఎరుగుదురు. పోరికి ఈ బండి కాదని చెప్పి పంపు. నాలుగు గంటలకు లారీ వస్తది, అంతా అయిపోతది."

"నువ్వు నన్ను బెదిరిస్తున్నవా?"

"లేదు కుమారస్వామీ. బతిమాలుతున్న."

అతని మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను. ఆ కోపానికి కావలసిన అర్హత నాకు లేదు. ఇద్దరం ఒకే పని చేశాం. అతను తెలిసి చేశాడు, నేను చూడకుండా చేశాను. యాకమ్మకు ఆ తేడాతో పనేముంది?

ఫోను తీసి అతని ముందే పోలీసు స్టేషనుకు కలిపాను. ఈ మధ్యే వచ్చిన ఎస్సైకి గోదాము అడ్రసు చెప్పాను. నాలుగింటి లోపు బండిని ఆపమన్నాను. మాజీ సీఐ సుదర్శన్ ఇంటి బీరువాలో అసలు కాగితాలున్నాయన్నాను. ముద్దాయి ఎవరని అడిగాడు.

"మూడు పేర్లు రాసుకోండ్రి. అందుల నాది కూడ ఉన్నది," అన్నాను.

సుదర్శన్ జీపు వైపు పరిగెత్తాడు. బీరువా దగ్గరకే అని తెలుసు. అతను ముందు చేరతాడా, పోలీసులు ముందు చేరతారా అన్నది నా చేతిలో లేదు. రెండు జిరాక్సులు పట్టుకుని కాటా దగ్గరకు నడిచాను. ఆ యాభై అడుగులు నడవడం నాకు చాలా కష్టమైంది.

శ్రీలత మొదటిది చదివింది. తేదీ చూసి ముఖం వెలిగింది. రెండోది చదివింది. చదువుతూ చదువుతూ అట్లాగే కింద కూర్చుంది. పచ్చ ఇంకు మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరు సార్?"

"నేనే బిడ్డా."

లేచి రెండడుగులు వెనక్కి వేసింది. "నిన్న చెప్పలేదు మీరు."

"నిన్న నాకు గుర్తు లేదు. ఇప్పుడు కూడ లేదు. కాయితం చూసినంకనే తెలిసింది."

"గుర్తు గూడ లేదా?" అంది. అంత మెల్లగా అడిగింది కనుక ఇప్పటికీ నా చెవిలో ఉంది. తర్వాత ఫోను తీసి తల్లికి కలిపి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చింది. "అమ్మకు నేను చెప్పలేను. మీరే చెప్పుండ్రి."

అటు నుంచి ముసలిదనం ఇంకా పూర్తిగా రాని గొంతు పలికింది. నేను ఎవరో చెప్పి, కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. తేదీ చదివాను. నంబరు మార్చింది సారంగపాణే అని చెప్పాను.

"అంటే మా ఆయన దొంగతనం జెయ్యలేదు," అంది యాకమ్మ.

"చెయ్యలేదమ్మా."

"నాకెరుకే." అటు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "సారు అచ్చెదాంక బండి ఇయ్య అని రాసిండు గద. మరి ఆ సారు రాలేదా?"

"రాలేదమ్మా. ఆ సారు నేనే."

"ఎందుకు రాలే సారూ?"

ఆఫీసు పని అనవచ్చు. ఒంట్లో బాగాలేదు అనవచ్చు. శ్రీలత నా ముఖమే చూస్తోంది.

"ఇంట్ల పండుగ ఉండె అమ్మా," అన్నాను.

"మా ఇంట్ల గూడ ఉండె సారూ," అంది యాకమ్మ.